కంకషన్ (తల దెబ్బకి మెదడు పనితీరు చెదరడం) తర్వాత టెస్టులన్నీ నార్మల్ అన్నారు, మనసు మాత్రం కుదుటపడలేదు. మిమ్మల్ని ఏం అడిగారు?

గోల్‌కీపర్_నం1

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ మూడో సంవత్సరం, కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో గోల్‌కీపర్‌ని. 24 రోజుల కిందట బంతి మీదకి దూకినప్పుడు ఎదుటి ఆటగాడి మోకాలు నా కణతకి తగిలింది. స్పృహ తప్పలేదు. లేచి నిలబడ్డాను, బంతి కూడా విసిరాను. తర్వాత డిఫెండర్లని పిలవబోతే వాళ్ల పేర్లు నోటికి రాలేదు. అది చూసి ఫిజియో నన్ను బయటికి తీసుకొచ్చేశారు.

సైడ్‌లైన్ దగ్గర నెలలు వెనక్కి చెప్పమన్నారు. డిసెంబర్, నవంబర్, అక్టోబర్ వరకు బాగానే చెప్పాను. అక్కడ ఆగిపోయాను. "ఆగస్టు" అన్నాను. అది తప్పని తెలుస్తోంది, సరైనది ఏదో మాత్రం తట్టడం లేదు. ఆ కొద్ది సెకన్లు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.

సీటీ స్కాన్ నార్మల్. 5వ రోజు కంప్యూటర్ టెస్ట్ పెట్టారు. రియాక్షన్ టైమ్, పదాల జ్ఞాపకం రెండూ సీజన్ మొదట్లో, దెబ్బకి ముందు తీసిన బేస్‌లైన్ స్కోరుతో పోలిస్తే బాగా దెబ్బతిన్నాయి. 16వ రోజు మళ్లీ పెడితే రెండూ బేస్‌లైన్‌కి వచ్చేశాయి. తలనొప్పి కూడా పోయింది. అందరూ సంతోషించారు.

కానీ రోజూ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. గ్రౌండ్ వైపు నడుస్తుంటే గుండె దడ. మొన్న అమ్మ ఏదో మామూలుగా అడిగితే కసురుకున్నాను, తర్వాత బాత్రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చాను. నేనెప్పుడూ ఇలాంటివాణ్ని కాదు.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. లక్షణాల కాగితంలో "దిగులు", "ఆందోళన" అని ఉన్నచోట సున్నా వేశాను. త్వరగా ఆడనిస్తారని. ఇప్పుడు వెళ్లి అబద్ధం రాశానని ఎలా చెప్పాలి? అసలు ఇది దెబ్బ వల్లా, నా స్వభావమే మారిపోతోందా? మీకు ఇలా జరిగి ఉంటే చెప్పండి.

హాకీ_లెఫ్ట్‌హాఫ్

తమ్ముడూ, ముందు ఒక మాట. సున్నా వేసింది నువ్వొక్కడివే కాదు. మా టీమ్‌లో దాదాపు అందరం వేశాం.

నా సంగతి చెప్తాను. నాకు బేస్‌లైన్ టెస్ట్ తీసిన రోజు కంప్యూటర్ ల్యాబ్‌లో ఇరవై మందిని పక్కపక్కనే కూర్చోబెట్టారు. వెనక వరసలో నవ్వులు, మాటలు. ముందు రాత్రి నేను పడుకున్నది నాలుగు గంటలే. స్క్రీన్ మీద ఆకారాలు వస్తుంటే కళ్లు మూతలు పడుతున్నాయి. ఆ స్కోరే నా "మామూలు స్థితి" అని ఫైల్లోకి వెళ్లిపోయింది.

రెండు నెలల తర్వాత కర్ర తలకి తగిలింది. తొమ్మిదో రోజు టెస్ట్ పెట్టి "నీ బేస్‌లైన్‌కి వచ్చేశావ్" అన్నారు. నిద్రలేని బుర్రతో దెబ్బ తిన్న బుర్ర సమానంగా వచ్చిందన్నమాట, అంతే. ఆడాను. రెండో ప్రాక్టీస్‌కే తలనొప్పి తిరగబెట్టింది, తర్వాత ఆరు వారాలు కూర్చున్నాను.

కొందరు కావాలనే బేస్‌లైన్ తక్కువ తెచ్చుకుంటారు, రేపు దెబ్బ తగిలినా తేడా కనిపించకూడదని. ఆ టెస్టుల్లో అలాంటివాళ్లని పట్టుకునే లెక్కలు ఉంటాయి, చాలామంది దొరికిపోతారు. దొరకనివాళ్లదే అసలు ప్రమాదం.

ఇక మనసు గురించి. నన్ను మొదటి నాలుగు వారాలు ఎవరూ అడగలేదు. అడిగినావిడ న్యూరోసైకాలజిస్ట్. టెస్టులన్నీ అయ్యాక పెన్ను పక్కన పెట్టి, "టీమ్ ప్రాక్టీస్ చేసే టైమ్‌లో నువ్వు ఎక్కడుంటున్నావ్?" అన్నారు. నేను ఏడ్చేశాను. ఎందుకంటే ఆ టైమ్‌లో రోజూ దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని.

పరీక్షగది

నేను న్యూరోసైకాలజిస్ట్‌ని, అంటే మెదడు పనితీరుని, మనసుని కలిపి పరీక్షించే నిపుణురాలిని. క్రీడాకారుల కంకషన్ కేసులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఇక్కడ ఎవరికీ రోగ నిర్ధారణ చేయలేను, కానీ ఈ పరీక్షలు ఏం చెప్పగలవో, ఏం చెప్పలేవో వివరించగలను.

బేస్‌లైన్ పద్ధతి మొదలైందే కాలేజీ ఆటగాళ్ల దగ్గర. 1980ల్లో అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ బార్త్ బృందం పది విశ్వవిద్యాలయాల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లకి, 2,300 మందికి పైగా, సీజన్‌కి ముందు పరీక్షలు చేసింది. దెబ్బ తగిలినవాళ్లని మళ్లీ పరీక్షించి, ఎవరి స్కోరుని వాళ్ల పాత స్కోరుతోనే పోల్చింది. ఆలోచన చాలా మంచిది. ఒకరి చురుకుదనం ఇంకొకరికి కొలబద్ద కాదు కదా.

కానీ ఆ పరీక్షలు కొలిచేవి శ్రద్ధ, జ్ఞాపకం, ఆలోచనా వేగం, రియాక్షన్ టైమ్. దిగులుని కొలవవు. కాలేజీల్లో బాగా వాడే ఇంపాక్ట్ అనే కంప్యూటర్ టెస్ట్‌కి 2016లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చినప్పుడే స్పష్టంగా చెప్పింది: దీన్నొక్కదాన్నే పట్టుకుని కంకషన్ ఉందనో, ఏ చికిత్స ఇవ్వాలనో తేల్చకూడదని. ఆచరణలో ఆ మాట మరిచిపోయి, పచ్చరంగు స్కోరు కనిపించగానే ఫైలు మూసేస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

గోల్‌కీపర్ గారూ, మీరు నింపిన కాగితం బహుశా స్కాట్ అనే కంకషన్ పరీక్షలోనిది. అందులో 22 లక్షణాలు, ఒక్కోదానికి 0 నుంచి 6, మొత్తం 132. వాటిలో నాలుగు నేరుగా మనసుకి సంబంధించినవే: భావోద్వేగాలు ఎక్కువవడం, చిరాకు, దిగులు, ఆందోళన. అంటే ఇవి కంకషన్ లక్షణాలుగానే లెక్క, తలనొప్పితో పాటు ఒకే వరసలో. కాబట్టి "నా స్వభావం మారిపోతోందా" అన్న భయం ముందు పక్కన పెట్టండి.

ఆ పరీక్ష ఆరో కూర్పు స్కాట్6 దెబ్బ తగిలిన మొదటి 72 గంటల్లో బాగా పనికొస్తుంది, మహా అయితే వారం వరకు. ఆ తర్వాత దాని పదును తగ్గిపోతుంది. అందుకే 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం తర్వాత స్కోట్6 అని ఇంకోటి తెచ్చారు. డాక్టర్ గదిలో తీరిగ్గా చేసేది. అందులో ఆందోళన, డిప్రెషన్, నిద్ర మూడింటికీ విడిగా ప్రశ్నలున్నాయి. మీ మూడో వారంలో చేయాల్సింది అలాంటిదే. మీకు జ్ఞాపకం ఒక్కటే చూసి పంపేశారనిపిస్తోంది.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. డిప్రెషన్ ఉందేమో చూడటానికి వాడే పీహెచ్‌క్యూ-9 అనే కాగితంలో తొమ్మిది ప్రశ్నలు. నిద్ర, నీరసం, ఏకాగ్రత, కదలికలు నెమ్మదించడం... ఈ నాలుగింట్లో పాయింట్లు కంకషన్ వల్లే పడొచ్చు. కాబట్టి స్కోరు 10 దాటింది కదా అని డిప్రెషన్ ముద్ర వేయకూడదు. "ఇదంతా దెబ్బ వల్లే, అదే పోతుంది" అని కొట్టిపారేయడం ఇంకా తప్పు. నేను ఒక్కో ప్రశ్న విడిగా చూస్తాను. ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోయిందా, తనమీద తనకి అసహ్యం వేస్తోందా అనేవి నీరసంతో వచ్చేవి కావు. దెబ్బకి ముందు ఎలా ఉండేవారో అడుగుతాను. ముందు నుంచే ఆందోళన, డిప్రెషన్, మైగ్రేన్ ఉన్నవాళ్లకి కోలుకోవడం ఆలస్యమయ్యే అవకాశం ఎక్కువ.

అబద్ధం రాశానని ఎలా చెప్పాలి అన్నారు. "ఆ రోజు ఆడాలనే తొందరలో తక్కువ రాశాను, మళ్లీ నింపుతాను" అనండి, చాలు. మాకు అది కొత్తేమీ కాదు. ఎవరూ కోప్పడరు.

మూడో_స్లిప్

సీటీ నార్మల్ అంటే మెదడుకి ఏమీ కాలేదని కాదా? మా ఇంట్లో అందరూ అదే పట్టుకుని కూర్చున్నారు.

పరీక్షగది

కాదు. సీటీ చూసేది రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి. కంకషన్‌లో కణాల పనితీరు దెబ్బతింటుంది. పొటాషియం, కాల్షియం లాంటి అయాన్ల సమతూకం తప్పి, దాన్ని సరిచేయడానికి మెదడుకి శక్తి ఎక్కువ కావాలి, అదే సమయంలో రక్తప్రసరణ తగ్గుతుంది. ఇదేదీ సీటీలో కనిపించదు. తలనొప్పి అంతకంతకూ పెరగడం, పదేపదే వాంతులు, ఫిట్స్, చెయ్యి కాలు పట్టు తప్పడం, లేపినా లేవని మగత... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మాత్రం ఈ చర్చలు చదువుతూ కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఫిజియో_అన్న

ఇంకో వైపు నుంచి చెప్తాను. గ్రౌండ్ దగ్గర గుండె దడ అన్నది పూర్తిగా మనసుదేనని ముందే తేల్చేయకండి. కంకషన్ తర్వాత లోపలి చెవికి, కళ్లకి మధ్య సమన్వయం చెడితే జనం కదులుతున్న చోట కళ్లు తిరిగినట్టు, గాభరాగా ఉంటుంది. దాన్ని ఆందోళన అనుకుంటాం. వామ్స్ అని చిన్న పరీక్ష ఉంది. వేలు కదుపుతూ కళ్లతో అనుసరించమంటాం, తల అటూ ఇటూ తిప్పమంటాం, చిన్న అక్షరం ఉన్న కర్రని ముక్కు దగ్గరికి తెస్తూ ఎక్కడ రెండుగా కనిపిస్తుందో చెప్పమంటాం. ప్రతి దాని తర్వాత తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, తల దిమ్ము ఎంత పెరిగాయో రాసుకుంటాం. నా దగ్గరికి "ప్యానిక్ వస్తోంది" అని వచ్చిన ఒక బాస్కెట్‌బాల్ అమ్మాయికి కొంత భాగం ఇదే అని తేలింది. వ్యాయామాలతో ఆ భాగం తగ్గింది, మిగిలినదానికి కౌన్సెలర్ దగ్గరికి పంపాను. రెండూ ఉండొచ్చు.

లక్షణాలు ఆలస్యంగా రావడం గురించి కూడా గుర్తుపెట్టుకోండి. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్ట్‌లో స్టీవ్ స్మిత్‌కి ఆర్చర్ బంతి మెడ దగ్గర తగిలింది. అప్పటికప్పుడు చేసిన పరీక్షలు పాసయ్యాడు, మళ్లీ వచ్చి బ్యాటింగ్ కూడా చేశాడు. మర్నాడు పొద్దున లేచేసరికి మత్తుగా ఉందన్నాడు. అతని స్థానంలో లబుషేన్ దిగాడు, టెస్టుల్లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అతనే. అంత పెద్ద వైద్యబృందం ఉన్నచోటే ఒక రాత్రి గడిచాక బయటపడింది. కాబట్టి ఒక్కసారి పాసైతే అయిపోయినట్టు కాదు.

నిద్రపట్టని_అమ్మ

నేను ఆటగత్తెని కాదు, వాలీబాల్ ఆడే పిల్లకి తల్లిని. నేను చేసిన తప్పు ఇంకొకరు చేయకూడదని రాస్తున్నాను.

పాపకి దెబ్బ తగిలాక "పూర్తి విశ్రాంతి" అని ఎవరో చెబితే నేను దాన్ని అక్షరాలా పాటించాను. కర్టెన్లు వేశాను, ఫోన్ తీసేసుకున్నాను, స్నేహితుల్ని రావద్దన్నాను. పది రోజులు చీకటి గదిలో ఉంచాను. తలనొప్పి తగ్గలేదు సరికదా, పిల్ల మాట్లాడటం మానేసింది. పదకొండో రోజు తలుపు తీసేసరికి గోడవైపు తిరిగి పడుకుని, "అమ్మా, టీమ్‌లో నన్ను మర్చిపోయుంటారు కదా" అంది. నా గుండె చెరువైపోయింది.

తర్వాత వేరే డాక్టర్ దగ్గరికి వెళితే, మొదటి ఒకటి రెండు రోజులు పనులు తగ్గించుకుని ఉంటే చాలని, ఆపైన మెల్లగా నడక మొదలుపెట్టాల్సిందని చెప్పారు. ట్రెడ్‌మిల్ మీద నిమిషనిమిషానికీ వాలు పెంచుతూ, ఎంత గుండె వేగం దగ్గర లక్షణాలు పెరుగుతున్నాయో చూసి, దానికి కాస్త కిందే రోజూ ఇరవై నిమిషాలు నడిపించారు. పాపని టీమ్ ప్రాక్టీస్ దగ్గర స్కోర్ రాయడానికి పంపమన్నారు, ఆడకపోయినా సరే. రెండు వారాల్లో నా పిల్ల నాకు దొరికింది.

ఫిజియో_అన్న

అమ్మా, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఒకప్పుడు మేమూ అలాగే చెప్పేవాళ్లం. 24 నుంచి 48 గంటలు పనులు తగ్గించుకుని ఉండటం, తర్వాత తేలికైన కదలిక అన్నది ఇప్పటి పద్ధతి. లక్షణాలు పదికి రెండు పాయింట్ల లోపు పెరిగి, గంటలోపు తగ్గిపోతే భయపడక్కర్లేదు.

రైట్‌వింగ్_సీనియర్

అందరూ నిజం రాయమంటున్నారు. ఒక సీనియర్‌గా నా అనుభవం వేరు. మా కాలేజీలో నేను ఆందోళన గురించి రాసిన కాగితం కోచ్ టేబుల్ మీద కనిపించింది. తర్వాతి నాలుగు మ్యాచ్‌లకి లిస్టులో నా పేరు లేదు. "నువ్వు ఇప్పుడు టెన్షన్‌లో ఉన్నావ్ కదా, రెస్ట్ తీసుకో" అన్నారు. కంకషన్ మానిపోయి నెల దాటింది అప్పటికి. దాంతో తర్వాత ఏ కాగితంలోనూ నేను నిజం రాయలేదు. పిల్లల్ని నిజం చెప్పమనే ముందు ఆ కాగితం ఎక్కడికి వెళ్తుందో పెద్దవాళ్లు చెప్పాలి.

పరీక్షగది

మీరన్నది అక్షరాలా సరైనది, మీకు జరిగింది అన్యాయం. కోచ్‌కి తెలియాల్సింది ఒక్కటే: ఈ రోజు ఈ ఆటగాడు ఆడొచ్చా, లేదా. ఏ ప్రశ్నకి ఏం రాశారన్నది వైద్యబృందం దగ్గరే ఉండాలి. పరీక్షకి కూర్చునే ముందు ప్రతి ఒక్కరూ అడగండి: "ఇది ఎవరెవరు చూస్తారు?" జవాబు తడబడితే రాతపూర్వకంగా అడగండి. అడగడం మీ హక్కు.

ఆటగాళ్ల మానసిక స్థితిని కూడా సీజన్‌కి ముందే చూడాలన్నది నా పట్టు. అమెరికాలో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ, రక్షణ శాఖ కలిసి 2014లో మొదలుపెట్టిన కేర్ అధ్యయనంలో జ్ఞాపకం, బ్యాలెన్స్‌తో పాటు మనసు గురించిన ప్రశ్నలు కూడా బేస్‌లైన్‌లోనే ఉన్నాయి. దెబ్బకి ముందు మనిషి ఎలా ఉండేవాడో తెలియకపోతే తర్వాత వచ్చిన దిగులు కొత్తదో పాతదో ఎవరు చెప్పగలరు?

కుదురులేని_ఫార్వర్డ్

నాకు చిన్నప్పటి నుంచి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు నిలవని సమస్య). బేస్‌లైన్ స్కోరు చూసి "సరిగ్గా ప్రయత్నించలేదు" అని రాశారు. ఆ రోజు దాని మాత్ర వేసుకోలేదు. ఎవరూ అడగలేదు కూడా. తర్వాత కంకషన్ అయ్యాక మాత్ర వేసుకుని టెస్ట్ రాస్తే పాత దానికంటే ఎక్కువ వచ్చింది! అప్పుడు కూర్చోబెట్టి మొదటి నుంచి మళ్లీ అడిగారు. మందులు వాడేవాళ్లు రెండు సార్లూ ఒకే పరిస్థితిలో రాసేలా చూసుకోండి.

భాష సంగతి కూడా. పదాల జాబితా ఇంగ్లిష్‌లో చదివి గుర్తుపెట్టుకోమంటే, ఇంట్లో చదువులో తెలుగే వాడిన మా ఫ్రెండ్ రెండు పదాల అర్థం తెలియక తడబడ్డాడు. అది జ్ఞాపకశక్తి లోపం కాదు కదా.

పరీక్షగది

కాదు. కానీ అప్పటికప్పుడు పక్కనున్నవాళ్లు నోటితో అనువదించడం కూడా పరిష్కారం కాదు. పదం మారితే దాన్ని గుర్తుపెట్టుకోవడంలో కష్టం మారిపోతుంది, స్కోరుకి అర్థం ఉండదు. ఏ భాషలో ఇచ్చారో ఫైల్లో రాయించండి, రెండోసారీ అదే భాషలో పెట్టాలి.

తొమ్మిదో_ప్రశ్న

ఈ పేరు ఈ చర్చ కోసమే పెట్టుకున్నాను. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచనల గురించి. నా రెండో కంకషన్ తర్వాత ఏడో వారంలో ఆ ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. సున్నా వేయబోయి, కొట్టేసి, 1 వేశాను.

నర్సు ఆ కాగితం చూసి నన్ను ఒంటరిగా వదల్లేదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఈ ఆలోచన ఎప్పటి నుంచి?" అని మామూలు గొంతుతో అడిగింది. అదే రోజు సైకియాట్రిస్ట్‌ని కలిశాను. మా అక్కని పిలిపించారు. మందులు, మాటలు, నిద్ర సరిచేయడం, అన్నీ కలిపి అయిదు నెలలు పట్టింది. ఇప్పుడు మళ్లీ ఆడుతున్నాను. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా అలాంటి ఆలోచన ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఇవాళే నమ్మకమైన ఒక్కరికి చెప్పండి, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, లేదా ఎమర్జెన్సీకి వెళ్లండి.

హాకీ_లెఫ్ట్‌హాఫ్

చెప్పినందుకు నీకు చేతులెత్తి దండం. నిజంగా.

గోల్‌కీపర్_నం1

ఎనిమిది రోజుల తర్వాత వస్తున్నాను. ముందుగా, తొమ్మిదో ప్రశ్న గారూ, మీ పోస్ట్ మూడు సార్లు చదివాను. నాకు అలాంటి ఆలోచనలు లేవు. కానీ మీది చదివాకే ధైర్యం చేసి ఫిజియోకి ఫోన్ చేశాను.

పరీక్షగది మేడమ్ చెప్పిన వాక్యమే చెప్పాను: "తొందరలో తక్కువ రాశాను, మళ్లీ నింపుతాను." ఆయన "సరే, రేపు పదింటికి రా" అన్నారు, అంతే. ముందుగా అడిగాను, ఇది ఎవరు చూస్తారని. డాక్టర్, ఫిజియో, కౌన్సెలర్ మాత్రమేనని రాసిచ్చారు. కోచ్‌కి వెళ్లేది "ఇంకా క్లియర్ కాలేదు" అన్న ఒక్క ముక్క.

ఈసారి కాగితంలో చిరాకు 4, దిగులు 3, ఆందోళన 5, నిద్ర పట్టకపోవడం 5. ఆందోళనకి వేసే జీఏడీ-7లో 12 వచ్చింది. వామ్స్ కూడా చేశారు. తల అడ్డంగా తిప్పినప్పుడు కళ్లు తిరగడం రెండు నుంచి ఆరుకి పెరిగింది. అంటే ఫిజియో అన్న అన్నట్టే, కొంత అదీ, కొంత ఇదీ. నాకెందుకో అది విన్నాక ఊపిరి తేలికైంది.

రోజూ పొద్దున కళ్ల వ్యాయామాలు, ఇరవై నిమిషాల నడక. కౌన్సెలర్‌తో మొదటి సెషన్ అయింది. ఆ మోకాలు తగిలిన క్షణం గురించి ఆవిడ అడిగితే, నేను నెలల గురించి చెప్పాను. అక్టోబర్ తర్వాత సెప్టెంబర్ దొరకని ఆ ఖాళీ గురించి. ఆ భయం నాలో ఇంకా ఉందని నాకప్పుడే తెలిసింది.

నిన్న ప్రాక్టీస్‌కి వెళ్లాను, ఆడటానికి కాదు. గోల్‌పోస్ట్ వెనక నిలబడి బయటికి వచ్చిన బంతులు లోపలికి విసిరాను. మొదటి పది నిమిషాలు దడగానే ఉంది. తర్వాత రెండో కీపర్ కుర్రాడు తిరిగి "అన్నా, కార్నర్‌కి నేనెక్కడ నిలబడాలి?" అని అడిగాడు. చెప్పాను. డిఫెండర్లందరినీ పేర్లతో పిలిచి మరీ చెప్పాను.

వచ్చే గురువారం మళ్లీ చూపించుకోవాలి. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.